అవును కుర్చీ

ముందు ఆ టీవీ ఆఫీసులో ఉన్న రెండు కుర్చీల గురించి చెప్పాలి. అవి చెప్పకపోతే ఈ గొడవ ఎవరికీ అర్థం కాదు. స్టూడియోలో యాంకర్‌కి ఎడమ పక్క ఉన్నది అవును కుర్చీ, కుడి పక్క ఉన్నది కాదు కుర్చీ. ప్రభుత్వం ఏదైనా కొత్త చట్టం తెచ్చిందంటే, సాయంత్రానికల్లా ఒక నిపుణుణ్ణి పట్టుకొచ్చి ఎడమ పక్కన, ఇంకొకరిని పట్టుకొచ్చి కుడి పక్కన కూర్చోబెట్టాలి. ఒకాయన చట్టం బంగారం అనాలి, ఇంకొకాయన ఇత్తడి అనాలి. నిజంగా ఎవరికి ఏమనిపిస్తోందన్నది తర్వాత సంగతి. ముందు కుర్చీలు నిండాలి.

ఆ కుర్చీలు నింపే ఉద్యోగం అక్కది. ఆఫీసులో యాంకర్ దగ్గర్నుంచి లైట్ల వాడి దాకా అందరూ ఆమెని అక్కా అనే పిలుస్తారు. పొద్దున్నే వచ్చి ఫోన్ చెవికి తగిలించుకుంటే, "సార్, మీరు అవునా, కాదా?" అని లాయర్లనీ, డాక్టర్లనీ, రిటైరైన ఆఫీసర్లనీ అడగడమే పని. కొందరు అవునంటారు, కొందరు కాదంటారు. ఎక్కువమంది మాత్రం, "ఏ కుర్చీ ఖాళీగా ఉందమ్మా?" అంటారు. నవ్వొస్తోందా? అక్కకీ ఇన్నేళ్ళూ నవ్వే వచ్చింది. ఇప్పుడా మాట తలుచుకుంటే ఎవర్నైనా పట్టుకుని నాలుగు ఉతకాలనిపిస్తోంది.

ఎందుకంటే, ఆఫీసులో అందరికీ అక్కే గానీ, నిజంగా అక్కా అని పిలిచే హక్కున్నది లోకంలో ఒక్కతే. ఆ చెల్లి ఇప్పుడు మానసిక ఆస్పత్రిలో, బయట గడియపెట్టిన వార్డులో ఉంది. పిచ్చెక్కి కాదు, కోపమొచ్చి.

జరిగింది ఇదీ. చెల్లి బళ్ళో లెక్కల టీచరు. ఆ ఉద్యోగం మొగుడికీ, మొగుడి అన్నకీ మొదట్నుంచీ కంట్లో నలుసే. ఒకరోజు మొగుడు చెప్పాపెట్టకుండా బడికి వెళ్ళి, "మా ఆవిడ ఇక రాదండీ, ఇంటిపనితోనే సరిపోతోంది" అని హెడ్‌మిస్ట్రెస్‌తో చెప్పొచ్చాడు. మర్నాడు చెల్లి క్లాసుకి వెళితే అక్కడ ఇంకో టీచరు పాఠం చెబుతోంది. పిల్లలు లేచి నిలబడి, "టీచర్, మీరు మానేశారంటగా?" అన్నారు. చెల్లి తిన్నగా ఇంటికొచ్చింది. వంటింట్లో ఉన్న పింగాణీ పళ్ళాలన్నీ ఒక్కొక్కటే తీసి నేలకేసి కొట్టింది. ఎవరి మీదా విసరలేదు. ఒక్క మాట అనలేదు. మొగుడు ఆపాడా? ఆపలేదు సరికదా, గుమ్మంలో తాపీగా నిలబడి ఫోన్‌లో వీడియో తీశాడు. "కొట్టు, ఇంకా కొట్టు, తీస్తున్నాలే" అని కూడా అన్నాడు. వీడియోలో ఆ మాట కత్తిరించేశాడు.

ఆ వీడియో చాలింది. ఏడాది కిందట గృహశాంతి చట్టమని ఒకటి వచ్చింది. ఇంట్లో ఒక మనిషికి కోపం అదుపు తప్పిందని ఇద్దరు దగ్గరి బంధువులు సంతకం పెట్టి, ఒక వీడియో జతచేస్తే చాలు, ఆస్పత్రి వాళ్ళు వచ్చి తీసుకుపోతారు. నలభై రోజులు ఉంచుకోవచ్చు, కావాలంటే ఇంకో నలభై పొడిగించుకోవచ్చు. జడ్జి చూడక్కర్లేదు. ఆ మనిషి మాట ఎవరూ వినక్కర్లేదు. బయటికి రావాలంటే సంతకం పెట్టినవాళ్ళే వెనక్కి తీసుకోవాలి, లేదా పర్యవేక్షణ మండలి సభ్యుడెవరైనా విడిచిపెట్టమని రాసివ్వాలి. మొగుడూ, బావగారూ చెరో సంతకం పెట్టారు. పీడా వదిలిందని ఇద్దరూ కొత్త పళ్ళాలు కొనుక్కున్నారు.

మరి ఇంత దిక్కుమాలిన చట్టానికి అవునన్న పెద్దమనిషి ఎవరు? అక్కడే ఉంది అసలు మంట. దీని మీద మొదటి చర్చ పెట్టినరోజు కాదు కుర్చీకి జనం ఎగబడ్డారు. అవును కుర్చీకి ఒక్క నరమానవుడు దొరకలేదు. అక్క అందరికీ ఫోన్లు చేసి చేసి, చివరికి సొంత మేనమామకి చేసింది. మామయ్య పేరున్న వకీలు. అమ్మ పోయాక అక్కచెల్లెళ్ళిద్దర్నీ పెంచి చదివించింది ఆయనా, అత్తయ్యే.

"ఏ కుర్చీ ఖాళీగా ఉందమ్మాయ్?" అన్నాడు మామయ్య.

"అవును కుర్చీ, మామయ్యా."

"సరే, దానికేం భాగ్యం, వస్తున్నా!"

దారిలో కార్లో కూర్చుని చట్టం చదువుకున్నాడు. స్టూడియోలో మాత్రం, పుట్టినప్పట్నుంచీ దాని కోసమే తపస్సు చేసినట్టు మాట్లాడాడు. బల్లగుద్ది చెప్పాడు. మాటవరసకి కాదు, నిజంగానే గుద్దాడు. యాంకర్ ముందున్న గాజు గ్లాసు ఎగిరి కిందపడి భళ్ళుమంది. చూసేవాళ్ళకి అది తెగ నచ్చేసింది. ఇక వారంవారం పిలుపులే. బల్లగుద్దు మామయ్య అని పేరు స్థిరపడింది. "దగ్గరి బంధువులంటే మొగుడూ పెళ్ళాలూ, అన్నదమ్ములేనా? మేనమామ తండ్రితో సమానం! మేనకోడలు కూతురితో సమానం! వాళ్ళ సంతకం ఎందుకు చెల్లదు?" అని ఒకరోజు గుద్దితే, ఆ మాట కూడా చట్టంలో చేరింది. చివరికి ఆయన్నే మండలిలో సభ్యుణ్ణి చేశారు. ఖాళీగా ఉంది కదా అని కూర్చున్న కుర్చీ. కూర్చోగా కూర్చోగా అది ఆయన అభిప్రాయమైపోయింది.

ఆరోజు చట్టానికి ఏడాది నిండింది. సాయంత్రం ప్రత్యేక చర్చ ఉంది. పొద్దున్నే అక్క ఆస్పత్రికి వెళ్ళింది.

చూడ్డానికొచ్చినవాళ్ళని కూర్చోబెట్టే గదిలో బల్లని నేలకి బిగించేశారు. మూల స్టూలు మీద నర్సు కూర్చుని ఏదో రాసుకుంటోంది. చెల్లి నెమ్మదిగా నడిచొచ్చి ఎదురుగా కూర్చుంది. జుట్టు నున్నగా దువ్వారు. అలా దువ్వుకోవడం చెల్లికి చిన్నప్పట్నుంచీ గిట్టదు.

"పక్క మంచం ఆవిడ నా దుప్పటి తీసేసుకుందక్కా. నేనేమీ అనలేదు. నవ్వి ఊరుకున్నాను. నర్సుగారు రాసుకున్నారు కూడా."

"కోపం రాలేదా?"

"రాలేదు." చెల్లి నర్సు వైపు ఓసారి చూసింది. "ఇక్కడ మందేస్తారు. హాయిగా ఉంటుంది."

తర్వాత బల్ల మీదికి వంగి, గొంతు బాగా తగ్గించి అంది. "ఏడో ఎక్కం మర్చిపోయానక్కా. ఏడెనిమిదులు ఎంతో గుర్తు రావట్లేదు. మొదట్నుంచీ చెప్పుకుంటూ వస్తున్నాను, ఏడేడుల దగ్గరికొచ్చేసరికి అంతా మబ్బు కమ్మేస్తోంది. ఇంకో నలభై రోజులు పొడిగిస్తే రెండో ఎక్కం కూడా పోతుందేమో."

అక్కకి ఒళ్ళంతా భగ్గుమంది. బల్ల ఎత్తి కిటికీకేసి కొట్టాలనిపించింది. నేలకి ఎందుకు బిగించారో అప్పుడర్థమైంది. నర్సు తలెత్తి చూస్తోంది. అక్క పళ్ళు బిగబట్టి ఒక నవ్వు నవ్వి బయటికొచ్చింది.

తిన్నగా మామయ్య ఇంటికే వెళ్ళింది. వడ్డించేవాడు మనవాడైతే ఏ బంతిలో కూర్చున్నా ఒకటేనంటారు కదా. ముందురోజు దాకా ఫోన్లోనే నెమ్మదిగా బతిమాలుతూ వచ్చింది. ఇవాళ ఎదురుగా నిలబడి అడగాలనుకుంది. మామయ్య అద్దం ముందు నిలబడి సాయంత్రం మాటలు వల్లె వేసుకుంటున్నాడు. అత్తయ్య ఆయన నీలం చొక్కా ఇస్త్రీ చేస్తోంది. కెమెరాకి నీలం బావుంటుందని ఆఫీసులో చెప్పింది అక్కే.

"మీరొక్క ముక్క రాస్తే చాలు మామయ్యా, సాయంత్రానికి ఇంట్లో ఉంటుంది."

"మండలిలో ఉన్నాను కాబట్టే రాయలేనమ్మాయ్. సొంత మేనకోడల్ని బయటికి లాక్కుంటే నలుగురూ ఏమనుకుంటారు? అదీ ఇవాళ!"

"ఏ నలుగురు మామయ్యా? వాళ్ళెవరో చెప్పండి, వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను. అదక్కడ ఎక్కాలు మర్చిపోతోంది. మీరు నేర్పిన ఎక్కాలు!"

"పళ్ళాలన్నీ పగలగొట్టిందమ్మా. నేను వీడియో చూశాను."

"మీరు గ్లాసు పగలగొట్టారు. లోకమంతా చూసింది."

"అది వాదన!" మామయ్య అరచెయ్యి కిటికీ పక్క బల్ల మీద దభీమని పడింది. "నాది వాదన, దానిది ఉన్మాదం! తేడా తెలీదా? నీకిప్పుడు కోపమొచ్చింది. కోపంలో ఉన్నవాళ్ళతో నేను మాట్లాడను. నలభై రోజులే కదా, ఓపిక పట్టండి."

కంచే చేను మేస్తుంటే ఇక ఎవరికి చెప్పుకోవాలి? అక్క బయటికి నడిచింది.

గేటు దాకా వచ్చేసరికి వెనక చెప్పుల చప్పుడైంది. అత్తయ్య. ఈవిడకి నోట్లో నాలుక లేదని చుట్టాలందరూ ఏకగ్రీవంగా తీర్మానించారు. నలుగురు కూర్చున్నచోట ఆవిడ మాట్లాడగా విన్నవాళ్ళు లేరు.

"ఆ కాగితం ఎక్కడిస్తారే?" అంది అత్తయ్య.

"ఏ కాగితం?"

"ఇద్దరు సంతకం పెట్టేది. భార్యా, మేనకోడలూ పెడితే చెల్లుతుందిగా? టీవీలో విన్నాను."

అక్క గేటు వదిలేసి అత్తయ్య వైపు పూర్తిగా తిరిగింది.

"ఆయన గుద్దేది టీవీలో బల్ల ఒక్కటే అనుకుంటున్నావా? ఈ ఇంట్లో బల్లలు మార్చలేక చచ్చాం. ఏనాడూ నా మీద చెయ్యి చేసుకోలేదు, అది నిజమే. కానీ ప్రతిసారీ ఆ బల్ల పక్కన నిలబడ్డది నేనే కదా. దాన్ని నా చేతుల్తో పెంచానే. దాన్ని తీసుకురావాలి. పద, ఆ కాగితం ఎక్కడో చూపించు."

ఏ ఆస్పత్రి కిటికీ దగ్గరైనా ఇస్తారు. అంత తేలిక చేసి పెట్టారు మహానుభావులు. పేరు, చుట్టరికం, కోపం వచ్చినప్పుడు ఏం చేస్తారు, కింద రెండు సంతకాలు. అత్తయ్య ఆస్పత్రి మెట్ల మీదే కూర్చుని గుండ్రటి అక్షరాలతో పెట్టేసింది. అక్క కూడా పెట్టింది. ఇంత సుఖంగా ఒక మనిషిని గదిలో పడెయ్యొచ్చా అని తన మీద తనకే అసహ్యమేసింది. అయినా కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

చర్చ మొదలవడానికి ముందు మామయ్య మేకప్ గదిలో ఉన్నాడు. మెడ చుట్టూ తెల్లటి తువ్వాలు, మొహానికి సగం పౌడరు. అక్క మేకప్ అమ్మాయిని కాఫీకి పంపించి తలుపు వేసింది. అత్తయ్య కాగితం తీసి, ఇస్త్రీ చేసే చేత్తోనే మడతలు సాపు చేసి, అద్దం ముందు పెట్టింది.

"ఏంటిది?"

"చదవండి," అంది అత్తయ్య.

చదివాడు. పౌడరు లేని సగం మొహం ఎర్రబడింది. అక్క ఫోన్ తీసి ఒక వీడియో పెట్టింది. చానల్ వాళ్ళే ముచ్చటపడి తయారు చేసింది, 'మామయ్య ఉగ్రరూపం' అని. ఏడాదిలో ఆయన గుద్దిన గుద్దులన్నీ వరసగా అతికించారు. మొదటిది ఆ గ్లాసు పగిలినది.

"వీడియో కూడా ఉంది మామయ్యా. అందరూ చూసిందే."

"ఒసేయ్! నా ఇంట్లో తిని నాకే..." మామయ్య కుర్చీలోంచి లేచాడు. చెయ్యి పైకి లేచింది. కింద మేకప్ బల్ల మీద గాజు సీసాలు వరసగా ఉన్నాయి.

అక్క ఫోన్ ఎత్తి పట్టుకుంది. "కొట్టండి. తీస్తున్నాలే."

గుమ్మంలో నిలబడ్డ ఆ వెధవ మాటే తన నోట్లోంచి వచ్చిందని ఆమెకి తెలుసు. తెలిసే అంది.

చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఇది చట్టాన్ని దుర్వినియోగం చెయ్యడం," అన్నాడు మామయ్య.

"లేదు మామయ్యా. మీరు ఎలా చెప్పారో అలాగే చేశాం."

"నేను లాయర్ని! కోర్టుకెళతాను!"

"జడ్జి చూడక్కర్లేదుగా. అరవకండి మామయ్యా, అరిస్తే అదీ రాసుకుంటారు."

"నాకు ఒంట్లో ఏ జబ్బూ లేదు. ఎవర్నైనా అడగండి! నన్నడగండి!"

"దాన్నెవరడిగారు?" అంది అక్క. అప్పటిదాకా పట్టుకున్నది అక్కడ తెగింది, కన్నీళ్ళు కారిపోయాయి. "ఒక్కళ్ళు, ఒక్కళ్ళు అడిగారా దాన్ని? మీరు వెళ్ళారా? ఎందుకు పగలగొట్టావే తల్లీ అని ఒక్కసారి అడిగారా? పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటే ఏంటో అనుకున్నాను. ఇదే! మీకు సాయంత్రం కాలక్షేపం, దానికి బతుకు పోతోంది!"

మామయ్య అత్తయ్య వైపు తిరిగాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ ఎప్పుడూ ఆయన మాట దాటలేదు.

"నలభై రోజులే కదండీ," అంది అత్తయ్య. "మందేస్తారట. హాయిగా ఉంటుందట."

మామయ్య కూర్చున్నాడు. అడకత్తెరలో పోకచెక్కలా అటు పెళ్ళాన్నీ ఇటు మేనకోడల్నీ చూశాడు. అత్తయ్య సంచిలోంచి ఆయన మండలి ప్యాడూ, పెన్నూ తీసిచ్చింది. అవి కూడా మర్చిపోకుండా తెచ్చింది మరి. మామయ్య రాశాడు. మేనకోడల్ని వెంటనే విడిచిపెట్టాలని రాసి, సంతకం పెట్టి, తారీఖు వేశాడు. అక్క ఒకటికి రెండుసార్లు చదువుకుంది.

"ఇక అది చింపెయ్యండి," అన్నాడు మామయ్య, రెండు సంతకాల కాగితం చూపిస్తూ.

"ఉండనివ్వండి," అని అత్తయ్య దాన్ని మడిచి రవికెలో దోపుకుంది.

పోనీ, అప్పటికైనా ఆయనకి బుద్ధొచ్చిందా? స్టూడియోలోకెళ్ళి, కెమెరాలోకి చూసి, ఈ చట్టం తప్పు, నేను ఒట్టినే ఖాళీ కుర్చీలో కూర్చున్నాను అని చెప్పాడా? చెప్పలేదండీ. వెళ్ళి అదే ఎడమ పక్క కుర్చీలో కూర్చుని, అవునన్నాడు. ఈ చట్టం వల్ల వేల ఇళ్ళల్లో శాంతి వచ్చిందన్నాడు. ఒకసారి చెయ్యి పైకి లేపి, అద్దం అవతల నిలబడ్డ అత్తయ్యని చూసి, ఆ చేత్తో జుట్టు సవరించుకున్నాడు. అంతే తేడా. తన ఇంటి పిల్లకి ఒక ముక్క రాసిచ్చి, మిగతా అందరికీ గడియ పెట్టే ఉంచాడు. కాదు కుర్చీలో ఉన్నాయన కూడా తన మాటలు తను చెప్పుకుని, మైకు తీసేసి, "ఈసారి చట్టం దేనిమీదమ్మా?" అని అక్కనడిగి వెళ్ళిపోయాడు.

యాంకర్ విసుక్కుంటూ బయటికొచ్చాడు. "మామయ్యగారు ఇవాళ చప్పగా ఉన్నారేంటక్కా? గుద్దలేదసలు. వచ్చే వారానికి ఇంకో అవును వెతుకు."

"నువ్వే కూర్చో," అంది అక్క. చెవికున్న ఆఫీసు ఫోన్ తీసి అతని చేతిలో పెట్టి మెట్లు దిగిపోయింది.

మర్నాడు చెల్లి అక్క ఇంటికొచ్చింది. మామయ్య చేత ఎలా రాయించిందీ అక్క దారిలోనే చెప్పేసింది. అత్తయ్య కూడా గేటు దాకా వచ్చి, లోపలికి రాకుండా, చెల్లి తల నిమిరి వెళ్ళిపోయింది. ఆయనకి అన్నం పెట్టాలట. చెల్లి వంటింట్లో ఓ మూల ముక్కాలిపీట మీద కూర్చుంది. ఏడెనిమిదులు యాభై ఆరని అక్క చెబితే, ఔనా అని తలూపింది. కాసేపటికి అడక్కుండానే మాట్లాడింది.

"పక్క మంచం ఆవిడ దుప్పటి తిరిగిచ్చేసిందక్కా, నేను వచ్చేస్తుంటే. నన్నూ తీసుకెళ్ళవా అంది. ఆవిడకి మామయ్య లేడు."

అక్కకి మళ్ళీ మంట మొదలైంది. అల్మారాలోంచి పింగాణీ పళ్ళాల దొంతర తీసి, పై దాన్ని చెల్లి చేతిలో పెట్టింది.

"పగలగొట్టవే. ఇది నా ఇల్లు. ఇక్కడ ఎవడూ వీడియో తియ్యడు, ఎవడూ సంతకం పెట్టడు. అన్నీ పగలగొట్టు. నీకెంత కోపముంటే అంతా!"

చెల్లి పళ్ళెం వైపు చూసింది. లేచి కుళాయి దగ్గరికెళ్ళి, శుభ్రంగా ఉన్న పళ్ళాన్నే మళ్ళీ కడిగింది. గుడ్డతో తుడిచి, రెండు చేతుల్తో పట్టుకుని, చప్పుడు కాకుండా అల్మారాలో పెట్టింది.

అక్క ఇక ఆగలేకపోయింది. దొంతరలోంచి ఇంకో పళ్ళెం తీసి, ఒంట్లో ఉన్న సత్తువంతా పెట్టి నేలకేసి కొట్టింది. ముక్కలు వంటింటి నాలుగు మూలలకీ ఎగిరాయి. ఇంకోటి తీసింది.

చెల్లి ఉలిక్కిపడి తలుపు వైపు పరిగెత్తింది. బయటికి తొంగిచూసి గడియ వేసింది. కిటికీ రెక్కలు మూసింది. గట్టు మీదున్న అక్క ఫోన్‌ని బోర్లా తిప్పి, దాని మీద గుడ్డ కప్పింది. అప్పుడొచ్చి అక్క చేతిలోంచి పళ్ళెం తీసుకుని, కింద కూర్చుని ముక్కలు ఏరడం మొదలుపెట్టింది.

"వద్దక్కా, చప్పుడు చెయ్యకు," అంది, తల ఎత్తకుండానే. "ఎవరైనా వింటే నిన్ను తీసుకెళ్ళిపోతారు. ఇప్పుడిక మనకి కూడా మామయ్య లేడు."